భుజాల మీది రాతగాళ్ళు

రోజుకి ఐదు పూటలా నమాజు చదివే ముస్లిం అయినా, ఏడాదికి రెండు పండగలకి మాత్రమే ఈద్గాకి వెళ్ళే ముస్లిం అయినా, నమాజు ముగించే పద్ధతి ఒక్కటే. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు ముఖం తిప్పి సలాం చెబుతాడు. ఎవరికి ఆ సలాం? పక్కన కూర్చున్నవాడికి. పక్కన ఎవరూ లేకపోయినా చెబుతాడు. ఎందుకంటే తన రెండు భుజాల దగ్గరా ఇద్దరు ఉన్నారని అతని నమ్మకం. కుడివైపువాడు మంచి రాస్తాడు, ఎడమవైపువాడు చెడు రాస్తాడు. కిరామన్ కాతిబీన్ అంటారు వాళ్ళని. గౌరవనీయులైన లేఖకులు అని అర్థం.

పత్రికల్లో పండగనాడు వచ్చే నమాజు ఫోటో చూడండి. దాదాపు ప్రతిసారీ అది సజ్దా ఫోటోనే. నుదుళ్ళు నేలకి ఆని ఉంటాయి, వరసలు వరసలుగా వీపులు కనిపిస్తాయి. ముఖాలుండవు. సలాం చెప్పే క్షణాన్ని అరుదుగా తీస్తారు. మనిషి తన పొరుగువాడి వైపు, తన మంచిచెడ్డలు రాసేవాడి వైపు తిరిగి చూసే క్షణం అది. మన గురించి బయట ప్రచారంలో ఉన్న బొమ్మకీ మన లోపలి బొమ్మకీ ఉన్న తేడా అంతా ఆ రెండు ఫోటోల మధ్యే ఉంది.

ఈ వ్యాసం ఆ రాతగాళ్ళ గురించి, వాళ్ళ జాతి మొత్తం గురించి. ఉర్దూలో ఫరిష్తాలు. అరబీలో మలాయికా. తెలుగులో ఏమనాలన్నది కాస్త చిక్కు ప్రశ్న, దానికి తర్వాత వస్తాను. అభ్యుదయ మిత్రులు ఇక్కడే చిరునవ్వు నవ్వుతారు. రెక్కల దేవదూతలతో మాకేం పని, ఉద్యోగాల గురించి, అల్లర్ల గురించి రాయరాదా అంటారు. వాటి గురించీ రాద్దాం. కానీ ఒక జనం దేన్ని నమ్ముతున్నారో తెలియకుండా ఆ జనం గురించి రాసేస్తే దాన్ని ఏమంటారు? నమ్మమని నేనెవర్నీ అడగడం లేదు. ప్రతి నమ్మకానికీ ఒక చరిత్ర ఉంటుంది. ఈ నమ్మకం చరిత్రలో ముస్లింలే కాదు, విశాఖపట్నం కూడా ఉంది.

ముందు మాట సంగతి. అరబీ మలక్, హీబ్రూ మలాఖ్ అక్కాచెల్లెళ్ళు. కబురు మోసేవాడు అన్నదే రెండింటి మూలార్థం. గ్రీకు ఆంగెలోస్ అన్నా వార్తాహరుడే. ఇంగ్లీషు ఏంజెల్ అక్కణ్ణుంచే వచ్చింది. పారశీకంలో ఫిరిష్తా అంటే పంపబడినవాడు. మన సంస్కృత దూత సరేసరి. ఇన్ని భాషలు, ఇన్ని మతాలు, మాట మాత్రం ఒకటే. దేవుడు దూరంగా ఉన్నాడు, మనిషి ఇక్కడున్నాడు, మధ్యలో ఎవరో ఒకరు రాకపోకలు సాగించాలి. ఈ అవసరం అన్ని జాతులకీ ఒకేలా కలిగింది.

ఆ దూతలు కూడా సరిహద్దులు దాటినవాళ్ళే. యూదుల పాత గ్రంథాల్లో దేవదూతలకి పేర్లుండవు. గబ్రియేలు, మిఖాయేలు అన్న పేర్లు దానియేలు గ్రంథంలో కనిపిస్తాయి. దేవదూతల పేర్లు తమవాళ్ళతో పాటు బాబిలోన్ చెర నుంచి వచ్చాయని యూదు పండితులే తాల్ముద్‌లో చెప్పుకున్నారు. ఖురాన్‌లో హారూత్, మారూత్ అన్న ఇద్దరు దూతల ప్రస్తావన వచ్చేదీ బాబిలోన్ పేరుతోనే. ఇరాన్ జరతుష్ట్ర మతంలో అహురమజ్దా చుట్టూ ఉండే అమర శక్తుల ప్రభావం యూదుల దేవదూతల మీద ఉందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. స్వచ్ఛమైన మతం, స్వచ్ఛమైన సంస్కృతి అని గుండెలు బాదుకునేవాళ్ళు, ఏ మతం వాళ్ళయినా సరే, ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దేవుడి సన్నిధిలో ఉండేవాళ్ళే వలస వచ్చారు.

తెలుగుకి వద్దాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరపున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగులోకి దించే పని పెట్టుకున్నారు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో పోయాడు. వాళ్ళ శ్రమ ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్ళ వెనక వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. లూకా సువార్త మొదటి అధ్యాయంలోనే గబ్రియేలు వస్తాడు. అంటే మరియమ్మకి కబురు తెచ్చిన దూతని తెలుగులో ఎలా పిలవాలి అన్న సమస్య, అచ్చుకెక్కే తెలుగుకి సంబంధించినంతవరకు, విశాఖపట్నంలో ఒక బల్ల మీదే మొదలైందన్నమాట. ఆ గబ్రియేలే మన జిబ్రయీల్. ఖురాన్‌లో మరియమ్ పేరు మీద ఒక సూరా మొత్తం ఉంది. అందులో ఆమె దగ్గరికి వచ్చిన దూతా ఆయనేనని వ్యాఖ్యాతలు చెబుతారు.

ఇప్పుడు తెలుగు బైబిల్‌లో దూత, దేవదూత అని ఉంటుంది. తెలుగు ఖురాన్ అనువాదాల్లో దైవదూత అని ఉంటుంది. ఒక్క గుణింతం తేడా. దేవ అంటే దేవతలు గుర్తొస్తారన్న జంకుతో మనవాళ్ళు దైవ అనుకుని ఉండవచ్చు. ఆ ఒక్క గుణింతంలో ఎంత అస్తిత్వం ఇరుక్కుందో చూడండి. ఇక ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడికి ఇవేవీ కావు, ఫరిష్తాయే. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల అవ్వ దేవదూత అన్నా, దూత అన్నా, ఫరిస్తా అన్నా ఆమె విశ్వాసానికి వచ్చిన లోటేం లేదు. కానీ ఉర్దూ రాదని ఆమెని తక్కువ ముస్లింగా చూసేవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ సంగతీ తర్వాత మాట్లాడుకుందాం.

విశాఖ ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మరియమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. ఈ మూడు కొండల్నీ పర్యాటక కరపత్రాల్లో మతసామరస్యానికి గుర్తుగా వేస్తుంటారు. అది నిజమే కానీ సగం నిజం. దర్గా అక్కడ బొమ్మ కోసం కూర్చోలేదు. దానికి ఒక పని ఉండేది.

ఆ పని ఏమిటో 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాసిన కార్మైకేల్ నమోదు చేశాడు. బంగాళాఖాతంలో గాలీ నీరూ ఈ వలీ చెప్పుచేతల్లో ఉంటాయని జనం నమ్మకం. రేవు దాటే ఓడలు జెండాని మూడుసార్లు ఎత్తి దించి ఆయనకి సలాం చేసేవి. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండి దోనె చేయించి దర్గాకి సమర్పించేవారు. తుపానులో చిక్కుకున్న ఒక ముస్లిం సరంగు ఇసాక్ మదీనాకి రూపాయల సంచీ మొక్కుకున్నాడనీ, ఆ మొక్కు ఓడ ఖర్చుల లెక్కలోకి రావడంతో యజమానితో తగాదా వచ్చి కోర్టు దాకా వెళ్ళిందనీ కూడా ఆ పాత రికార్డుల్లో ఉంది. తెరచాప, తాడు, మొక్కు అన్నీ ఒకే ఖాతాలో ఉన్నాయన్నమాట. దీన్ని సామరస్యం అనడం చిన్నమాట. ఇది వృత్తి. సముద్రం మీద బతికేవాళ్ళు గాలిని కనిపెట్టి చూసుకునే ఏర్పాటు.

ఇస్లాం విశ్వాసంలో గాలీ వానా ఉపాధీ చూసే బాధ్యత మీకాయీల్ అనే దూతది. కబురు జిబ్రయీల్‌ది. ప్రాణం తీసేది మలకుల్ మౌత్, జనం నోట ఇజ్రాయీల్. ప్రళయ కాహళి ఊదేది ఇస్రాఫీల్. మీకాయీల్‌కి దర్గా ఉండదు, ఉర్సు ఉండదు, చాదర్ కప్పడానికి సమాధి ఉండదు. మట్టి మనిషికి కంటికి కనిపించే కొండ కావాలి, పేరుపెట్టి పిలవడానికి తనలాగే పుట్టి పోయిన ఒక మనిషి కావాలి. మీకాయీల్ పనిని విశాఖ జాలర్లు, సరంగులు, షావుకార్లు కలిసి ఇసాక్ మదీనాకి అప్పగించారు. ఇది షిర్క్, దేవుడికి సాటి కల్పించడం అని సంస్కరణవాదులు అంటారు. వాళ్ళ శాస్త్రం ప్రకారం వాళ్ళ మాటకి ఆధారం ఉంది. దూతల మీద నమ్మకం ఈమాన్ సూత్రాల్లో ఒకటి. వలీల మీద నమ్మకం కాదు. కానీ ఆ ఆధారంతో దర్గాని చరిత్రలోంచి కూడా తుడిచేస్తానంటే మాత్రం కుదరదు. వెండి దోనెలు ఇచ్చిన హిందూ షావుకార్లని, మొక్కుకున్న ముస్లిం సరంగుల్ని కలిపి తుడిచేసినట్టవుతుంది. ఆ పని చేయడానికి బయట వేరేవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. మనం సాయం పట్టాల్సిన పని లేదు.

2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ తుపాను పేరు హుద్‌హుద్. ఒమన్ దేశం ఇచ్చిన పేరు. గంటకి 180 కిలోమీటర్లు మించిన గాలి. చెట్టు నిలవలేదు, విమానాశ్రయం పైకప్పు నిలవలేదు. హుద్‌హుద్ అంటే తల మీద ఈకల కిరీటం ఉన్న ఒక పిట్ట. ఖురాన్‌లో సులైమాన్ ప్రవక్తకి సబా రాణి కబురు తెచ్చింది అదే. అదీ దూతే, రెక్కలున్న దూతే. ఆ పేరు వెనకున్న కథ మనం చెప్పగలిగి ఉండాల్సింది. తుపాను సాయంలో ఏ మతం కుర్రాళ్ళు ఎంత కష్టపడ్డారో ఆ ఊరివాళ్ళకి తెలుసు. పత్రికల భాష మాత్రం ఎప్పుడూ ఒకే తీరు. హిందూ యువకుడు ఎవర్నయినా కాపాడితే దేవదూతలా వచ్చి ఆదుకున్నాడని రాస్తాం. ముస్లిం యువకుడు కాపాడితే మతసామరస్యం వెల్లివిరిసిందని రాస్తాం. ఒకడు మనిషి, రెండోవాడు ఉదాహరణ. డెస్కుల్లో ఏళ్ళ తరబడి పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఈ వాక్యం కుట్రతో రాసేది కాదు. అలవాటుతో రాసేది. అందుకే దాన్ని పోగొట్టడం కష్టం.

ఇక తాత్వికుల సంగతి. ముస్లింలు దూతల్ని గుడ్డిగా నమ్మారు, ఆలోచించలేదు అనుకునేవాళ్ళకి వెయ్యేళ్ళ చర్చ ఒకటి పరిచయం చేయాలి. ఫారాబీ, ఆయన తర్వాత ఇబ్నె సీనా గ్రీకు తర్కాన్ని తీసుకుని విశ్వానికి ఒక నిచ్చెన కట్టారు. దేవుడి నుంచి మొదటి బుద్ధి, దాన్నుంచి రెండోది, అలా పది బుద్ధులు. ఒక్కొక్కటి ఒక్కో ఆకాశ గోళాన్ని నడిపిస్తుంది. పదోది మన లోకానికి దగ్గరిది. మనిషి మెదడులో జ్ఞానాన్ని వెలిగించేది అదే. మతం భాషలో జిబ్రయీల్ అనేది దాన్నే అన్నారు వాళ్ళు. రైతు నమ్మే దూతా, తర్కవేత్త చెప్పే బుద్ధీ ఒకటే అనడం మామూలు సాహసం కాదు. 1111లో కన్నుమూసిన గజాలీ దీన్ని ఒప్పుకోలేదు. ఆకాశ గోళాల ఆత్మల్ని మీరు తర్కంతో నిరూపించలేరు, ఆ తర్కానికి మతం తొడుగు వేయకండి అని తాత్వికుల మీద విరుచుకుపడ్డాడు. స్పెయిన్ నుంచి ఇబ్నె రుష్ద్ గజాలీకి జవాబు రాశాడు. సుహ్రవర్దీ అయితే జిబ్రయీల్ రెక్కల చప్పుడు మీద ఒక పుస్తకమే రాశాడు. ఒక రెక్క వెలుగు, ఒక రెక్కలో నీడ. ఆ నీడలోంచే మన లోకం పుట్టిందని ఊహ. ఆయన్ని 1191లో అలెప్పోలో చంపించారు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ దేవదూతల గురించి రాస్తూ ఇబ్నె సీనాతో వాదించాల్సి వచ్చింది. యూరప్ క్రైస్తవ వేదాంతంలోకి ముస్లిం తర్కం వెళ్ళిన దారుల్లో ఈ దూతల దారీ ఒకటి.

మన దేశంలో ఈ చర్చ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ చేతిలో కొత్త మలుపు తిరిగింది. 1857 శిథిలాల్లోంచి లేచి, 1875లో అలీగఢ్ విద్యాసంస్థకి పునాది వేసిన ఆయన, దూతలంటే రెక్కల ప్రాణులు కావు, దేవుడు ప్రకృతిలో, మనిషిలో పెట్టిన శక్తులే అని ఖురాన్‌కి వ్యాఖ్యానం రాశాడు. ప్రకృతివాది అన్న అర్థంలో నేచరీ అని వెక్కిరించారు, కాఫిర్ అని ఫత్వాలు తెచ్చారు. ఆయన వ్యాఖ్యానం సరైనదా కాదా అన్నది పండితుల పని. నాకు ముఖ్యమైంది ఇంకోటి. ముస్లింలలో అంతర్గత చర్చ లేదు, సంస్కరణ లేదు అని ఇప్పటికీ ఉపన్యాసాలిచ్చే మిత్రులు సర్ సయ్యద్‌ని చదవరు. చదివితే, ఆ చర్చ ఉర్దూలో జరిగిందని, ఉర్దూని మనం పరాయి భాషగా పక్కకి నెట్టేశాం కాబట్టే వినబడలేదని తెలుస్తుంది.

ఇంతకీ ఖురాన్‌లో దూతల కథ ఎక్కడ మొదలవుతుంది? మనిషి పుట్టుక దగ్గర. భూమి మీద నా ప్రతినిధిని నిలబెడుతున్నాను అని దేవుడు చెప్పినప్పుడు దూతలు అభ్యంతరం లేవనెత్తారు. అక్కడ కల్లోలం రేపేవాణ్ణి, నెత్తురు పారించేవాణ్ణి ఎందుకు నిలబెడతావు అన్నది వాళ్ళ సందేహం సారాంశం. 1992 డిసెంబరు తర్వాత, 2002 తర్వాత, ఆ సందేహం తప్పని ఎవరనగలరు? దేవుడు వాదించలేదు. ఆదంకి పేర్లు నేర్పాడు. వస్తువుల పేర్లు చెప్పమంటే దూతలు చెప్పలేకపోయారు, ఆదం చెప్పాడు. అప్పుడు అతనికి సాష్టాంగపడమన్నాడు. కాంతితో చేసిన దూతలు మట్టి మనిషి ముందు వంగింది అతని పుట్టుక చూసి కాదు, పేరుపెట్టే శక్తి చూసి.

వంగనివాడు ఒకడున్నాడు, ఇబ్లీస్. నేను నిప్పుతో పుట్టాను, వీడు మట్టితో పుట్టాడు, నేనెందుకు వంగాలి అన్నాడు. జాగ్రత్తగా వినండి. ఇది దేవుడు లేడన్న వాదన కాదు. పుట్టుకని బట్టి ఎక్కువ తక్కువలు తేల్చే వాదన. సృష్టిలో మొదటి కులవాది ఇబ్లీస్. ఈ కథని వేదిక మీద వందసార్లు చెప్పే మనవాళ్ళే సయ్యదు పిల్లని దూదేకుల ఇంటికి ఇవ్వనంటారు. నూర్‌బాషా వాడు ఇమామత్ చేస్తే వెనక నిలబడటానికి మొహం చిట్లిస్తారు. బయటి వివక్ష మీద గొంతెత్తేవాడు లోపల ఇబ్లీస్ తర్కం వాడితే ఆ గొంతుకి బరువుండదు.

ఇప్పుడు మళ్ళీ రాతగాళ్ళ దగ్గరికి. తెలుగువాడికి ఈ ఊహ కొత్త కాదు. తలరాత, నుదుటి రాత, చిత్రగుప్తుడి చిట్టా అన్నీ మన నోట ఆడే మాటలే. తెలుగు భాగవతం ఆరో స్కంధాన్ని రాసింది ఏర్చూరి సింగన. అందులోని అజామిళుడి కథలో యమదూతలు, విష్ణుదూతలు చావు మంచం దగ్గరే ధర్మం గురించి వాదులాడుకుంటారు. అంటే చిట్టాలో రాసిందే ఆఖరి మాట కాదన్నమాట. ఇస్లాం సంప్రదాయంలోనూ ఇలాంటి వెసులుబాటు ఉంది. చెడు రాసే దూత వెంటనే కలం పెట్టడట. మనిషి పశ్చాత్తాపపడతాడేమోనని కొంతసేపు ఆగుతాడట. ఠాణాలో గుమ్మం దాటకముందే పేరు చూసి కేసు రాసే రాతగాళ్ళని చూసినవాళ్ళకి ఆ ఓపిక విలువ తెలుస్తుంది. దూతల రాత ఏకపక్షం అని గాలిబ్ అంతటివాడు చమత్కరించాడు. ఆయన చమత్కారం మనుషుల రాతకి ఇంకా బాగా అతుకుతుంది.

మన గురించి ఎవరు రాశారు? విచిత్రం ఏమిటంటే, దక్కన్ చరిత్ర రాసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ ప్రసిద్ధుడి కలంపేరే ఫిరిష్తా. అసలు పేరు ముహమ్మద్ ఖాసిం. పదిహేడో శతాబ్దం మొదట్లో బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా ఆశ్రయంలో రాశాడు. బహమనీలకీ విజయనగరానికీ, ఓరుగల్లుకీ జరిగిన యుద్ధాలు ఆయన పుస్తకంలో ఉన్నాయి. చచ్చినవాళ్ళ లెక్కలు లక్షల్లో ఉన్నాయి. రాజుని పొగడాలంటే శవాల సంఖ్య పెంచడం ఆ కాలపు ఆస్థాన రచనా మర్యాద. మద్రాసు సైన్యంలోని జాన్ బ్రిగ్స్ దాన్ని 1829లో ఇంగ్లీషు చేశాడు, మహమ్మదీయ అధికారం ఎదిగిన చరిత్ర అన్న అర్థం వచ్చే పేరు పెట్టి. 1900లో రాబర్ట్ సూయల్ విజయనగర చరిత్ర రాసినప్పుడు ఫిరిష్తాని విరివిగా వాడుకున్నాడు. ఆస్థాన అతిశయోక్తి అనువాదంలో సాక్ష్యమైంది. సాక్ష్యం పాఠమైంది. పాఠం ఇవాళ ఉపన్యాసమైంది. ఫిరిష్తా అనే పేరున్న ఒక మనిషి రాతకి, అది రాసిన నాలుగు వందల ఏళ్ళ తర్వాత, విశాఖ ఓడరేవులో మూటలు మోసే ముస్లిం జవాబు చెప్పుకోవాల్సి రావడం ఏం న్యాయం?

రాత విలువ విశాఖవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితులకి ఆర్ కార్డు అంటే ఏమిటో అడగండి. కార్డులో పేరున్నవాడికి ఉద్యోగంలో హక్కు, పేరు లేనివాడు తన ఊళ్ళోనే పరాయివాడు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ఊరేగింపుల్లో అరిచినవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. ఆంధ్రులు అన్న ఆ మాటలో తాము ఉన్నామా లేమా అని ఆ రోజు ఏ ముస్లిమూ ఆగి ఆలోచించి ఉండడు. ఆగి ఆలోచించాల్సిన రోజులు తర్వాత వచ్చాయి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ వచ్చినప్పుడు తెలుగు సాహిత్యం ఉలిక్కిపడింది అందుకే. మా చిట్టా మేమే రాసుకుంటాం అన్న ప్రకటన అది.

ఆ ప్రకటన వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. కవిత్వం వచ్చింది, కథలొచ్చాయి. చరిత్ర రాత మాత్రం ఇంకా వెనకబడే ఉంది. దర్గాలకి మొక్కుబళ్ళు చెల్లించినవాళ్ళ పేర్లున్న పాత ఖాతాలు, సరంగుల వంశాలు, ఓడరేవు కూలీల మస్టర్లు, దూదేకుల పల్లెల వృత్తి లెక్కలు, ఉర్దూ రాని అమ్మమ్మలు తెలుగులో చెప్పే ప్రవక్తల కథలు ఎవరు సేకరిస్తున్నారు? కార్మైకేల్ దొర నాలుగు వాక్యాలు రాసిపెట్టకపోతే వెండి దోనెల సంగతి ఎందరికి తెలిసేది? దూతలకి పేర్లు పెట్టడం రాదు, మనిషికి వచ్చు అని మన గ్రంథమే చెబుతోంది కదా. అలాంటప్పుడు మన పేర్లు, మన పొరుగువాళ్ళ పేర్లు, వాళ్ళతో మనం పంచుకున్న గాలీ నీరూ అన్నీ మనమే రాయాలి. మంచి ఒక్కటే రాసుకుంటే అది పొగడ్త అవుతుంది, చెడు ఒక్కటే రాసేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు. రెండు వైపులా రాయాలి. దూదేకుల గుమ్మం దగ్గర మనం చిట్లించిన మొహాల సంగతితో సహా.